పదకొండూ నలభై

గాలి.

వాయవ్యం నుంచి వస్తుంది. ఎడారిని ఊడ్చుకుంటూ వస్తుంది. పళ్ళ మధ్య ఇసుక కరకరమంటుంది. కనుకొలకుల్లో ఇసుక, చెవి మడతల్లో ఇసుక, టీ గ్లాసు అడుగున ఇసుక... జుబైల్‌లో జూన్ నెలంతా ఇదే గాలి. శమాల్ అంటారు. పేరు బాగుంటుంది. గాలి బాగుండదు.

శుక్రవారం. సెలవు.

అలిసిపోయాను.

పని రోజు అలుపు ఒంట్లో ఉంటుంది. పడుకుంటే పోతుంది. సెలవు రోజు అలుపు ఎక్కడుంటుందో తెలియదు. ఎంత పడుకున్నా పోదు. పద్నాలుగు నెలలుగా నాకిదే వరస.

నా పేరు కాలేషా. మాది రాయచోటి దగ్గర. నా పని హోల్ వాచర్. మా ఇంటిదానికి, బీబీజాన్‌కు, పదకొండేళ్ళుగా ఆ పని ఏమిటో చెబుతూనే ఉన్నాను.

"బొక్క కాడ కూచునేదానికి సౌదీ దాకా పోవల్నా?" అంటుంది.

ఆమె అన్నదీ నిజమే. బొక్క దగ్గర కూర్చోవడమే నా పని.

షట్‌డౌన్ అంటే ప్లాంటు మొత్తం ఆపేసి, లోపలి పేగులన్నీ కడిగి అతికే నెల. ఆకాశానికి ఎక్కిన ఇనుప కాలమ్‌లు. వాటి పక్కలో ఒక మనిషి దూరేంత రంధ్రం. మనుషులు అందులోంచి లోపలికి దూరతారు. నేను బయట కూర్చుంటాను. ఎవరు ఎన్నింటికి లోపలికి పోయారో రాస్తాను. ఎన్నింటికి బయటికొచ్చారో రాస్తాను. లోపలికి గాలి పంపే ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూస్తాను. లోపల మనిషి ఉన్నంతసేపూ కదలను. కదలకూడదు. ఒంటేలుకు కూడా.

రంధ్రం పక్కన ఒక బోర్డు ఉంటుంది. దానికి కొక్కేలు.

లోపలికి పోయేవాడు తన పేరున్న రేకు బిళ్ళ, అదే ట్యాగ్, తానే తగిలించిపోవాలి. బయటికొచ్చి తానే తీసుకోవాలి. ఇంకొకరి ట్యాగ్ ఎవరూ ముట్టరు. హోల్ వాచర్ అసలే ముట్టడు. ముట్టడమంటే నిద్రపోయేవాడి జేబులో చెయ్యి పెట్టినట్టు. ట్యాగ్ బోర్డు మీద ఉందంటే మనిషి లోపల ఉన్నాడని. రిజిస్టరులో రాత తప్పు కావచ్చు. నా నోరు తప్పు చెప్పవచ్చు. ట్యాగ్ తప్పు చెప్పదు.

నేను ఒక్కసారి ముట్టాను.

ఓపియో ట్యాగ్.

ఓపియో ఉగాండా మనిషి. నా కంటే జానెడు ఎత్తు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుని తిరిగేవాడు. టీ టైములో పంటితో కొరికి, సగం నాకిచ్చేవాడు. మొదట్లో నాకు రోత. తర్వాత అలవాటు. ఆ తర్వాత, ఆ సగం రాకపోతే టీ దిగేది కాదు.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో, మూడో కాలమ్ లోపలికి వెళ్ళాడు. గాలి పంపే ఫ్యాన్ ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో తెలియదు. బయటికి లాగేసరికి అయిపోయింది. అతని కళ్ళు నేను చూశాను. అందులో ఎవరూ లేరు.

సూపర్‌వైజరు నా పక్కకొచ్చి మెల్లగా చెప్పాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

పదకొండూ నలభైకి బయటికి వచ్చాడని రాయి.

రాశాను.

ట్యాగ్ తీసెయ్.

తీశాను.

పికప్‌లో క్యాంపుకు తీసుకెళ్ళారు. పని మధ్యలో వదిలేసి, రూముకొచ్చి పడుకుని, నిద్రలో పోయాడని కాగితం తయారైంది. నాలుగు సంతకాలు. ఒకటి నాది. ఎవరూ చదవలేనిది. ఆ రోజు కావాలనే అట్లా పెట్టాను.

అప్పటినుంచి అలుపు.

*

ఆరు నెలల తర్వాత, స్కాఫోల్డింగ్ పనికి కొత్త బ్యాచ్ దిగింది. అందులో ఒకడు నవ్వాడు. ఆ నవ్వు విని నా చేతిలో ప్లేటు వంగి పప్పంతా చొక్కా మీద పడింది.

పేరు ఒకెల్లో. వాళ్ళ వైపు కవలల్లో ముందు పుట్టినవాడికి ఓపియో అని పేరు పెడతారట. కవలల తర్వాత పుట్టినవాడికి ఒకెల్లో. ఇంకేం అడగాలి? తమ్ముడు. అన్న ఎలా పోయాడో తెలుసుకోవాలని అదే ఏజెంటు దగ్గర, అదే కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడు.

అతనికి ఊళ్ళో నాటకాల పని. ఊరూరా తిరిగి చెట్టు కింద ఆడేవాడట. భూమి తగాదాల మీద, తాగి కొట్టే మగవాళ్ళ మీద. ఇక్కడ ఇనుప పైపులు మోస్తున్నాడు. అతనికో జతగాడున్నాడు, ముకాసా. కంపాలాలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాడు. ఇక్కడ క్యాంపు లాండ్రీలో మా బట్టలు ఉతుకుతాడు. అద్దం పగిలిన ఫోను ఒకటి ఎప్పుడూ అతని చేతిలో ఉంటుంది.

వీళ్ళిద్దరూ శుక్రవారాలు బస్‌షెడ్డు కింద ఆటలు మొదలుపెట్టారు. అసర్ నమాజు అయ్యాక. ఎండ కొంచెం వాలాక.

మొదటి ఆటలో మాటే లేదు.

ఒకెల్లో మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎవరో పిలిచినట్టు తల తిప్పాడు. నవ్వుతూ. మళ్ళీ తిప్పాడు. ఈసారి నవ్వు కొంచెం తగ్గింది. కుక్కను పిలిచినట్టు పిలిస్తే మనిషి ఎలా తిరుగుతాడో అలా తిరిగాడు. చిటిక వేస్తే ఎలా తిరుగుతాడో అలా. రంగు పేరు పెట్టి పిలిస్తే ఎలా తిరుగుతాడో... అలా. పన్నెండు సార్లు తిరిగాడు. పదమూడోసారి తిరగలేదు.

మా వాళ్ళు నాలుగో పిలుపు దాకా నవ్వారు. ఆ తర్వాత ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నారు.

ఒక పిలుపు నాది. ఓపియోను మొదట్లో నేను అలాగే పిలిచాను. కాలూ, ఓ కాలూ. నల్లోడా అని. నేనేదో పాలు పోసి కడిగినట్టు. నన్ను చిన్నప్పుడు మా నాయన బొగ్గుబస్తా అనేవాడు. ఆ సంగతి విమానమెక్కగానే మరిచిపోయాను. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

ముకాసా అదంతా ఫోనులో తీశాడు. కాళ్ళు తీశాడు, చేతులు తీశాడు, వీపులు తీశాడు. ముఖాలు తీయడు. ముఖం కనబడితే మనిషి దొరికిపోతాడు అంటాడు. ఆ ఫిల్ములు కంపాలా పోతాయి. అక్కడ గల్ఫ్ వీసాల ఆఫీసుల ముందు వరసలో నిలబడే వాళ్ళకు చూపిస్తారట. సంతకం పెట్టకముందు ఇది చూడండి అని.

మరుసటి వారం మెస్‌లో వడ్డించేవాడు, ఎప్పుడూ చెయ్యి ఊపి రమ్మనేవాడు, ఆ రోజు ఒక ఘనా మనిషిని పేరేమిటని అడిగాడు.

అంతే జరిగింది. అయినా జరిగింది.

*

ఈ నెలలో ఓపియో ఆట మొదలైంది.

మొదలుపెట్టే ముందు ఒకెల్లో చెప్పాడు. ఇంగ్లీషు కొంచెం, హిందీ కొంచెం, అరబీ రెండు ముక్కలు. మా ఇంట్లో ఎవరైనా దూరాన చనిపోతే, పోయిన చోటికి వెళ్ళి పేరు పెట్టి పిలవాలి. పిలిచి ఇంటికి తోడుకుపోవాలి. అన్న రూములో పోయాడన్నారు. రూము ముందు నిలబడి పిలిచాను. అమ్మ ఫోనులో అంటోంది, వాడు రాలేదు, ఇంటికింకా రాలేదు అని. ఊళ్ళో జనం వేరే మాట అంటున్నారు. పని ఎగ్గొట్టి నిద్రపోయి చచ్చాడని. నాకు చోటు కావాలి. మా అమ్మకు చోటు చెప్పాలి.

అంతే అడిగాడు. చోటు.

వాళ్ళ ఆటకు ఒక పద్ధతి ఉంది. వాళ్ళ ఊళ్ళ నుంచి తెచ్చుకున్న పద్ధతి. చూసేవాడికి ఏదైనా తప్పనిపిస్తే "ఆగు" అనాలి. ఆట ఆగుతుంది. అన్నవాడే లోపలికొచ్చి, ఆ వేషం తాను కట్టి, సరిగ్గా చేసి చూపించాలి. ఊరికే తప్పు పట్టి కూర్చోవడం కుదరదు.

రెండు వారాలు నేను చివరి వరసలో కూర్చున్నాను. స్తంభం వెనక. మునిస్వామి పక్కన. మునిస్వామి నా రూమ్మేటు, చిత్తూరు ఫిట్టరు. క్యాంపులో అతనొక్కడికే చెప్పాను, ఆ రిజిస్టరు సంగతి.

"నీకేంటికి న్నా ఈ ఆటలు," అంటూనే ఉన్నాడు. "దొంగ రాత రాసినావని తెలిస్తే ఎగ్జిట్ కొట్టి పంపించడంతో పోదు. లోపలేస్తారు. ఇద్దరు ఆడబిడ్డలుండారు నీకు. ఊరకుండు."

ఊరకుండడమే కదా నేను చేస్తున్నది. పద్నాలుగు నెలలుగా అదే పని. జీతం లేని రెండో డ్యూటీ.

*

మూడో శుక్రవారం.

గాలి ఎక్కువైంది. బస్‌షెడ్డు రేకులు కొట్టుకుంటున్నాయి. గోడ అవతల కాలమ్‌లు దుమ్ములో మసగ్గా కనబడుతున్నాయి, కనబడకుండా పోతున్నాయి. నలభై మంది దాకా కూర్చున్నాం, ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని.

రెండు వైపులా మూతలు కోసిన నూనె డ్రమ్ము అడ్డంగా పెట్టారు. అదే కాలమ్. ఒక చెక్కకు మేకులు కొట్టారు. అదే బోర్డు. ఒక నేపాలీ ఫిట్టరు మెస్ పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. అతనే హోల్ వాచర్.

అంటే నేను.

ఒకెల్లో తన అన్నలాగా నడిచి వచ్చాడు. భుజాలు కొంచెం వంచి. ట్యాగ్ మేకుకు తగిలించాడు. డ్రమ్ములోకి దూరాడు. కాసేపున్నాడు. కాగితంలో రాసినట్టే బయటికొచ్చాడు. నేపాలీ లేచి, మేకు మీది ట్యాగ్ తీసి, మర్యాదగా రెండు చేతులతో అందించాడు.

తప్పు.

రెండు వారాలుగా ఇదే తప్పు. రెండు వారాలూ ఓర్చుకున్నాను. పులుసు మాడుతున్న వాసన వస్తుంటే పక్క గదిలో కూర్చున్నట్టు కూర్చున్నాను. ఓపియో గురించి కాదు ఆ క్షణంలో నా బాధ. నిజం చెబుతున్నాను. పని గురించి. పదకొండేళ్ళు చేసిన పని. ఎవడో దాన్ని అలా తప్పుగా చేస్తుంటే ఒళ్ళు మండింది.

"ఆగు," అన్నాను.

నా గొంతేనా అని నేనే వెనక్కి చూశాను.

మునిస్వామి నా చొక్కా పట్టుకున్నాడు. అప్పటికే లేచాను.

"ట్యాగ్ అతను ముట్టకూడదు," అన్నాను హిందీలో. "పోయినవాడే వచ్చి తీసుకోవాలి. హోల్ వాచర్ ముట్టడు."

ఒకెల్లో నా వైపు తిరిగాడు. "ఎప్పుడూ ముట్టడా?"

"ఎప్పుడూ ముట్టడు."

"పక్కాగా తెలుసా?"

"పదకొండేళ్ళుగా అదే పని నాది."

అతను తల ఊపాడు. మెల్లగా మాట్లాడాడు. సూపర్‌వైజరు మాట్లాడినంత మెల్లగా.

"అన్న సామానులో ట్యాగ్ రాలేదు. ఆఫీసులో అడిగాను. హోల్ వాచరే తీసి మీ అన్న చేతికిచ్చాడు అన్నారు. అందుకే మేము ఇలా ఆడుతున్నాం. హోల్ వాచర్ ముట్టడంటున్నావు. మరి అన్న ట్యాగ్ ఎవరు తీశారు?"

రేకులు కొట్టుకున్నాయి.

నలభై మందీ షట్‌డౌన్ మనుషులే. ట్యాగ్ సంగతి అందరికీ తెలుసు. ఒకడి ట్యాగ్ ఇంకొకడు తీశాడంటే అర్థమేమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

"కాలేషన్నా," వెనకనుంచి మునిస్వామి. మామూలుగా పిలిచినట్టు పిలిచాడు. "రా న్నా. టీ సల్లారిపోతాంది."

వెళ్ళవచ్చు. నాకు తెలియదు అని, వెళ్ళి టీ తాగవచ్చు. తెలియదు అన్న మాట పద్నాలుగు నెలలుగా నా నాలుక కొసనే ఉంది. అరిగిపోయిన మాట. ఎంత తేలిగ్గా వస్తుందో... ఆ రోజు రాలేదు. దాన్ని మోసే ఓపిక కూడా అయిపోయింది. ధైర్యం అని మీరనుకుంటే పొరపాటు. అలుపే.

నేపాలీ లేచి మెస్ పుస్తకం నా చేతిలో పెట్టాడు. పద్ధతి ప్రకారం.

కూర్చున్నాను.

ఒకెల్లో మళ్ళీ ట్యాగ్ తగిలించాడు. మళ్ళీ డ్రమ్ములోకి దూరాడు. పొడుగు మనిషి. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కుని కూర్చున్నాడు. బయటికి రాలేదు. నేను చెప్పేదాకా రానన్నట్టు.

ముకాసా ఫోనును నా చేతుల వైపు తిప్పాడు.

"ఈ మనిషి బయటికి రాలేదు," అన్నాను.

గాలిలో నా మాట నాకే సరిగా వినబడలేదు. లేచి నిలబడి మళ్ళీ అన్నాను.

"ఈ మనిషి బయటికి రాలేదు. లోపలే పోయాడు. పదకొండూ నలభై అని నేను రాశాను. రాయమన్నారు, రాశాను. ట్యాగ్ కూడా నేనే తీశాను." ట్యాగ్ తీసి చూపించాను. తగరపు రేకు. బరువేమీ లేదు. "రూములో పోలేదు. మూడో కాలమ్. కిందినుంచి రెండో రంధ్రం. అదిగో."

గోడ అవతలికి చెయ్యి చూపించాను. దుమ్ము కొంచెం విడింది. కనబడింది. మళ్ళీ మూసుకుంది.

ఒకెల్లో డ్రమ్ములోంచి బయటికొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే నిలబడదామనుకున్నాను. కొట్టలేదు. ఆ కాలమ్ వైపు తిరిగి నిలబడ్డాడు. లోపలికి వెళ్ళాలంటే పర్మిట్ కావాలి. జుబైల్‌లో చచ్చినవాడిని పిలుచుకోవాలన్నా పర్మిట్ కావాలి. అందుకని గోడ ఇవతలినుంచే పిలిచాడు. అన్న పేరు. ఒక్కసారి. తర్వాత వాళ్ళ భాషలో ఏదో. అమ్మ మాటేమో. అడగలేదు.

కాసేపటికి నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

అన్నకూ తనకూ నా మీద కోపం లేనట్టే అడిగాడు.

"చివర్లో నిన్ను పిలిచాడా? ఏమన్నా చెప్పాడా?"

ఈ ప్రశ్న కోసం నేను సిద్ధపడలేదు. పద్నాలుగు నెలలు పదకొండూ నలభైనే మోశాను. రాత గురించే భయపడ్డాను. ట్యాగ్ గురించే సిగ్గుపడ్డాను. వాటి వెనక దాక్కున్నది ఒకటుంది. మునిస్వామికి కూడా చెప్పనిది. బీబీజాన్‌కు చెప్పనిది. నమాజులో నుదురు నేలకానించినప్పుడు కూడా దాన్ని దాటి పక్కకు తప్పుకునేవాణ్ణి.

"నేను అక్కడ లేను," అన్నాను.

అతను చూస్తున్నాడు.

"రెండు రంధ్రాలకు ఒక్కణ్ణే పెట్టారు. పని ఆలస్యమవుతోందని. నలభై అడుగుల దూరం. ఇటు ఇద్దరు మనుషులు లోపలున్నారు, అటు మీ అన్న ఒక్కడు. ఇటు కాసేపు, అటు కాసేపు... కుదరదు అని చెప్పాల్సింది. చెప్పలేదు. అటు తిరిగి ఉన్నాను. ఎంతసేపో తెలియదు. వచ్చి చూస్తే ఫ్యాన్ ఆగి ఉంది. పిలిచాడేమో. పిలిచే ఉంటాడు. నాకు వినబడలేదు."

ఒకెల్లో చెయ్యి ఇసుకలో ఉంది. ఇసుకను పిడికిట్లోకి తీసుకున్నాడు, వదిలాడు. తీసుకున్నాడు, వదిలాడు. ఏడుస్తున్నాడో, దుమ్ము పడిందో. నేను మాత్రం ఏడ్చాను.

ముకాసా ఫోను దించాడు. "నీ ముఖం పడింది," అన్నాడు. "లేచి నిలబడినప్పుడు. తీసేయమంటే తీసేస్తాను."

ఇద్దరు ఆడబిడ్డలు. పదకొండేళ్ళు. రేపు శనివారం, పొద్దున్నే ఐదింటికి బస్సు. రంధ్రం దగ్గర నా కుర్చీ.

ఒకెల్లో లేచాడు. చేతులు దులుపుకున్నాడు. అలిసిన మనిషి లేచినట్టు లేచాడు. అతనికీ ఆ అలుపే ఉందని అప్పుడు అర్థమైంది. ట్యాగ్ నా చేతిలోంచి తీసుకుని తానే మేకుకు తగిలించాడు.

"మళ్ళీ మొదటినుంచి," అన్నాడు. "ఈసారి జరిగింది జరిగినట్టు."

ఎక్కడ నిలబడాలో నాకు చెప్పక్కర్లేదు.

మెస్ పుస్తకం కింద పెట్టి నడిచాను. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. మునిస్వామి దగ్గరకు వచ్చేసరికి అతను తల దించుకున్నాడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.

నలభై.

డ్రమ్ముకు వీపు పెట్టి నిలబడ్డాను. గాలి ఎదురుగా కొట్టింది. ముకాసా నాతోనే వచ్చాడు. చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి ఆగాడు. ఫోను నా ముఖం ఎత్తుకు లేపి, అడుగుతున్నట్టు చూశాడు.

తువ్వాలు మెడ మీదే ఉంది. పైకి లాక్కోలేదు.

వెనక, రేకు చప్పుడైంది. ఒకెల్లో లోపలికి దూరాడు.

తర్వాత ఏమీ వినబడలేదు.

ఎంతసేపు అలా నిలబడాలో ఎవరూ చెప్పలేదు.